ఆ మోత ఎవరిది?

నేను ఒక పెట్టెను. గిటారు తీగల మీద వేళ్ళు చేసే చిన్న సవ్వడిని అందుకుని, ఆఖరి బల్ల మీద కూర్చున్న ముసలమ్మకు కూడా వినపడేలా పెంచి చెప్పడం నా పని. చదువుకున్నవాళ్ళు ఆంప్లిఫయర్ అంటారు. నేనుండే చర్చిని ఊడ్చే ఏలియా మాత్రం మొదటి రోజు నుంచీ "పెట్టె" అనే పిలిచాడు. నాకూ ఆ పేరే అలవాటైంది.

నా లోపల అయిదు గాజు బుడ్లు ఉన్నాయి. పాతకాలపు రేడియోల్లో వాల్వులు ఉండేవి కదా, అవే. ఇప్పుడు ట్యూబులంటున్నారు. స్విచ్చి వేయగానే పలికే పెట్టెలు ఈ రోజుల్లో ఎన్నయినా ఉన్నాయి. నాకు మాత్రం బుడ్లు వేడెక్కడానికి అర నిమిషం కావాలి. ఆ అర నిమిషం ఓపిక పట్టినవాళ్ళకే నేను పలుకుతాను. కొనేవాళ్ళు దీన్ని నా గొప్పతనమంటారు, మోసేవాళ్ళు నా బరువు గురించి మాట్లాడతారు.

నాకు కళ్ళు లేవు. ఇది ముందే చెప్పేయడం మంచిది. ఇక్కడ చెప్పబోయేదంతా నేను విన్నదీ, నన్ను తాకినవాళ్ళ చేతుల వల్ల తెలిసిందీను. గిటారు పెట్టె అన్నది గిటారును తప్ప ఇంకేదీ వినకూడదనీ, వింటే అది దాని లోపమనీ నాకు చాలా రోజులు తెలియదు. అందరికీ చెవులున్నట్టే నాకూ ఉన్నాయనుకున్నాను.

పుట్టింది పుణె శివార్లలో ఒక రేకుల షెడ్డులో. వైర్లు అతికించిన ఆవిడ ప్రతి అతుకు మీదా ఒకసారి ఊదేది, పిల్లాడి దెబ్బ మీద తల్లి ఊదినట్టు. పని చేస్తూ ఏదో పాట సణుగుతూ ఉండేదేమో, ఆ ఊపిరి ఒక తాళంలో వచ్చేది. ఆ పాట నాకు వినపడలేదు, కానీ ఆ ఊపిరి వెచ్చదనం ఇప్పటికీ జ్ఞాపకం. బుడ్లు పెట్టే పని ఇంకొకరిది. మూడు పెట్టి నాలుగోది ఆనించేసరికి బయట ఎవరో గట్టిగా కేకేశారు, ఒక బస్సు హారను మోగింది, చుట్టూ చెప్పుల చప్పుడు ఎక్కువైంది. మిగిలిన రెండూ గబగబా లోపలికి వచ్చేశాయి. మూత పడింది. అట్టపెట్టెలోకి వెళ్ళాను.

అట్టపెట్టె మళ్ళీ తెరుచుకుంది విశాఖపట్నంలో, వాద్యాలు అమ్మే ఒక దుకాణంలో. నా మీద ఒక చెయ్యి పడింది. ఆడమనిషి చెయ్యి, గట్టిది, జ్వరం చూసే చెయ్యి.

"ఇదేనా నువ్వు చెప్పింది, శీలం?"

"ఇదే అక్కా. ట్యూబులది."

"ఇంత బరువేంట్రా? లోపల ఇటుకలు పెట్టారేమో చూడు."

కొట్టతను నవ్వాడు. "గిటారు పెట్టి వినిపించమంటారా అమ్మా?"

"వద్దు బాబూ."

"వినకుండా కొంటారా?"

"ఇది దేవుడింటికి వెళ్ళేది. మొదటి పలుకు అక్కడే పలకాలి. ముందు పాస్టరుగారు ప్రార్థన చేసి ప్రతిష్ఠించాలి. ఆ తర్వాతే స్విచ్చి."

"అమ్మా, కొబ్బరికాయ కొట్టి పట్టుకెళ్ళేవాళ్ళు కూడా ఒకసారి పలికించి చూసుకునే కొడతారండి కాయ."

"అక్కా, రెండే రెండు నిమిషాలు…" అన్నాడు ఆ శీలం అనే ఆయన.

"నేను మాటిచ్చింది నీకా, దేవుడికా?"

"దేవుడికే."

"మరైతే ఊరుకో."

ఊరుకున్నాడు. కొట్టతనూ ఊరుకున్నాడు. కళ్ళున్న ముగ్గురు మనుషులు నన్ను పలికించకుండానే నా మీద అంత నమ్మకం పెట్టుకున్నందుకు నేను పొంగిపోయాను. మనుషులు పెళ్ళిళ్ళు కూడా ఇలాగే చేస్తారని ఆ తర్వాత విన్నాను.

సామర్లకోట దాకా కారులో వెనక సీటు మీద ప్రయాణం. దారంతా ఆవిడ డ్రైవరుకు తమ కథ చెప్పింది, అతను అడగకపోయినా. అలా తెలిసింది నాకు సంగతి. ఆవిడ పేరు సువార్తమ్మ. గవర్నమెంటు ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. పక్కనున్నాయన ఆవిడ తమ్ముడు జయశీలం, హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. ముప్ఫై ఏళ్ళుగా వాళ్ళ చర్చిలో గిటారు వాయించేది ఆయనే. నిరుడు ఒక ఉదయం బళ్ళో బోర్డు మీద కుండ బొమ్మ గీస్తూ గీస్తూ కూలబడ్డాడు. పక్షవాతం. ఎడమ వైపు పోయింది. గిటారుకు ఎడమ చెయ్యే ప్రాణం, తీగలు నొక్కేది అదే. తమ్ముడి చెయ్యి మళ్ళీ తీగ మీద ఆనితే చర్చికి కొత్త పెట్టె ఇస్తానని సువార్తమ్మ ఆసుపత్రి వరండాలోనే మొక్కుకుంది.

మొక్కుకుని ఊరుకునే మనిషి కాదు ఆవిడ. రోజూ పళ్ళెంలో మినుములూ పెసలూ కలిపి పోసి, ఎడమ చేత్తో వేరు చేయమనేది. ఎనిమిది నెలలు. మొదట్లో పూటంతా కూర్చుంటే గుప్పెడు అయ్యేవట. వేరు చేసిన పెసలతోనే ఆ పూట పప్పు వండేది. "తొందరగా కానివ్వరా, ఆకలేస్తోంది" అనేది. చిటికెన వేలు వచ్చింది, మధ్య వేలు వచ్చింది, చూపుడు వేలు వచ్చింది. అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది ఉంగరం వేలు. అదింకా పూర్తిగా రాలేదని జయశీలం మాస్టారు అన్నాడు. "వచ్చింది" అని సువార్తమ్మ అంది. డ్రైవరు ఇద్దరికీ తలూపి ఉంటాడు.

ఆదివారం. నా నెత్తి మీద పాస్టరుగారి అరచెయ్యి ఆనింది. "ఈ వాద్యమును నీ నామ మహిమార్థమై ప్రతిష్ఠించుచున్నాము తండ్రీ" అని ఆయన చాలాసేపు ప్రార్థించాడు. అందరూ ఆమేన్ అన్నారు. స్విచ్చి పడింది. అర నిమిషం నిశ్శబ్దం. ఎవరో దగ్గారు. నా బుడ్లు వెచ్చబడ్డాయి, తీగ కదిలింది, నేను జీవితంలో మొదటిసారి పలికాను.

బాగా పలికాను. ఆ మాట చెప్పుకోవాలి. మొదటి చరణం నెయ్యి వేసిన అన్నంలా జారింది. రెండో చరణంలో ఒక స్వరం దగ్గర, ఎక్కడినుంచో తెలియదు, గణ్ణ్ణ్ మని మోత వచ్చింది. వంటింట్లో స్టీలు పళ్ళెం కింద పడి తిరుగుతున్నట్టు. మాస్టారు తడబడ్డాడు. మళ్ళీ ఆ స్వరం వచ్చింది, మళ్ళీ మోత. మూడోసారి ఆ స్వరాన్ని మెల్లగా నొక్కి చూశాడు. మోత చిన్నదైంది గానీ పోలేదు. నేను తికమకపడ్డాను. ఆయన పంపింది నేను పంపాను. కానీ ఆయన ఇది పంపాడా? నేను కలిపానా? రెండు గదుల మధ్య గోడలో శబ్దమైతే ఏ గదిదో ఎలా చెప్పడం?

చెయ్యి తీగల మీది నుంచి లేచిపోయింది. మిగిలిన పాటను జనం గొంతులతోనే పూర్తి చేశారు, చప్పట్లతో ఇంకాస్త గట్టిగా. ఎవరూ ఆయన వైపు చూసి ఉండరని నా నమ్మకం. అంత గట్టిగా పాడుతూ ఒకరి వైపు జాలిగా చూడటం కష్టం.

ఆరాధన అయ్యాక చర్చిని కనిపెట్టుకుని ఉండే ఏలియా "కరెంటు తేడాయండి" అన్నాడు. పాస్టరుగారు "కొత్తది కదా, సర్దుకుంటుంది" అన్నాడు.

"పెట్టె మంచిదే అయ్యగారూ," అన్నాడు మాస్టారు. "నా ఉంగరం వేలు గట్టిగా ఆనడం లేదు. వేలు ఆనకపోతే తీగ ఇలాగే జరజరమంటుంది. ఆ స్వరం ఆ వేలిదే."

ఆ చర్చిలో గిటారు తెలిసినవాడు ఆయనొక్కడే. అందుకే ఆయన చెప్పింది అందరూ ఒప్పుకున్నారు. సువార్తమ్మ ఒక్కతే "పోనీ కొట్టువాణ్ణి అడుగుదాం, పదిహేను రోజుల్లోపు మారుస్తానన్నాడుగా" అంది. సంఘ పెద్దల్లో ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, దేవుడి ముందు ప్రతిష్ఠించినదాన్ని కొట్టుకు తిరిగి పంపిస్తామా? పైగా మాస్టారే పెట్టెలో లోపం లేదంటున్నారు." ఆవిడ నా నెత్తి మీద మెత్తటి గుడ్డ కప్పింది. ఆ చెయ్యి ఈసారి జ్వరం చూడలేదు.

మంగళవారం మధ్యాహ్నం ఏలియా తలుపు తీస్తే మాస్టారు ఒక్కడే వచ్చాడు. గుడ్డ తీసి, నన్ను వెచ్చబడనిచ్చి, ఆ ఒక్క స్వరమే వాయించాడు. మోత. వేలు మార్చి చూడాలని ఆయనకు తోచలేదు. ఆ వేలినే ఇంకా గట్టిగా నొక్కాడు. గట్టిగా నొక్కినకొద్దీ స్వరం పెద్దదైంది, స్వరం పెద్దదైనకొద్దీ మోత పెద్దదైంది. ఇరవైసార్లు. ముప్ఫైసార్లు. ఊపిరి పట్టి నొక్కి, ఊపిరి వదిలి వినేవాడు. నాకు ఏమైనా చెప్పాలనుంది. కానీ నేను చెప్పగలిగింది ఆ మోత ఒక్కటే, అది ఆయన మీదే నేరంగా వినిపిస్తోంది.

చివరికి తీగలు వదులు చేసిన చప్పుడు వచ్చింది. గిటారును సంచిలో పెట్టి జిప్పు లాగాడు.

"ఏలియా, దీన్ని ఎవరైనా నేర్చుకునేవాళ్ళకి ఇచ్చేస్తాను. నీకెవరైనా తెలిస్తే చెప్పు."

"అదేంటండి మాస్టారూ, మీరు?"

"పళ్ళెంలో పెసలు ఏరుకోవడానికి సరిపోతుందిలే ఈ చెయ్యి."

తర్వాతి ఆదివారం ఆయన రాలేదు. ఆ తర్వాతి ఆదివారం వచ్చాడట గానీ వెనక బల్ల మీద కూర్చుని వెళ్ళిపోయాడట. ఇవన్నీ ఏలియా నాకు చెప్పినవే. నన్ను తుడుస్తూ చెప్పేవాడు. నేను పాడైన పెట్టెననీ, నా వల్ల మాస్టారు చేయి కట్టేసుకున్నాడనీ అతనికి తెలియదు, అయినా రోజూ తుడిచేవాడు. టీ గ్లాసు నా మీద పెట్టేవాడు కాదు. అంతటి మర్యాదకు నేను తగనేమోనని అనిపించేది.

మూడో గురువారం స్త్రీల సమాజం ప్రార్థన జరిగింది. చర్చి స్విచ్చిబోర్డు మీద ఏది దేనిదో రాసిన అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి. అందుకని ఫాన్లు కావాలంటే ఏలియా అన్ని స్విచ్చులూ ఒకేసారి వేసేస్తాడు. నేనూ వెచ్చబడ్డాను. పది పన్నెండుమంది చాపల మీద కూర్చున్నారు. సువార్తమ్మ వంతు వచ్చింది. నా పక్కనే మోకరించింది.

"ప్రభువా," అంది. ముక్కు ఎగబీల్చింది. "నేనిచ్చింది నీకు నచ్చలేదా? నచ్చకపోతే నా మీద చూపించాల్సింది. వాడి వేలి మీద ఎందుకు చూపించావు? వాడు గిటారు ఇచ్చేస్తానంటున్నాడు, ప్రభువా!"

ఆ రెండో పిలుపు పెద్ద గొంతుతో వచ్చింది. నాలో గణ్ణ్ణ్ మంది.

"స్తోత్రం!" అన్నారెవరో. "హల్లెలూయ! జవాబొచ్చింది సువార్తమ్మా! పలికాడు!"

సువార్తమ్మ మళ్ళీ అదే గొంతుతో, కాస్త అనుమానంగా, "ప్రభువా!" అంది. గణ్ణ్ణ్. ఆడవాళ్ళలో ఒకావిడ ఏడుస్తోంది. "ప్రభువా" అని ఈసారి కింది గొంతుతో అంది. నేను పలకలేదు. నా సంగతి నాకే అర్థం కావడం లేదు. అంతలో సువార్తమ్మ ఊపిరి పీల్చి, ఆ పై గొంతుతోనే గట్టిగా అరిచింది.

"పప్పుచారూ!"

గణ్ణ్ణ్.

"అయ్యయ్యో, అదేం మాటమ్మా ప్రార్థనలో!"

"పలికింది దేవుడైతే పప్పుచారుకు జవాబివ్వడు," అంది సువార్తమ్మ లేస్తూ. గొంతులో తడి పోయింది. డ్యూటీలో ఉన్న నర్సు గొంతు వచ్చింది. "ఏలియా! దీనికి గిటారు వైరు పెట్టి ఉందా?"

"లేదండి. మాస్టారు గిటారుతో పాటే పట్టుకెళ్ళిపోయారండి."

"వెళ్ళు. వాణ్ణి తీసుకురా. చొక్కా మార్చుకుంటానంటే వినకు."

మాస్టారు వచ్చేదాకా ఒక్క ఆడమనిషి కూడా ఇంటికి వెళ్ళలేదు. ప్రార్థన కంటే ఇది బాగుందని ఎవరూ అనలేదు గానీ చాపలు ముందుకు జరిగిన చప్పుడు నేను విన్నాను.

"ఏంటక్కా?"

"కూర్చో. చేతులు ఒళ్ళో పెట్టుకో. రెండూ."

"ఏంటో చెప్పు ముందు."

"పప్పుచారూ!" అంది ఆవిడ. నేను మోగాను.

"నీ చేతులెక్కడున్నాయి?"

"ఒళ్ళో."

"గిటారెక్కడుంది?"

"ఇంట్లో."

"మరి మోగిందెవరి వేలురా?"

"మళ్ళీ అను అక్కా," అన్నాడు. అంది. మోగాను. "ఇంకొక్కసారి." అంది. మోగాను. ఆయన దగ్గర నుంచి ఏదో శబ్దం వచ్చింది. నవ్వో ఏడుపో నేను తేల్చుకోలేకపోయాను. మనుషుల్లో ఆ రెండూ ఒకే చోట నుంచి బయలుదేరతాయి కాబోలు. ఒక్కటి మాత్రం చెప్పగలను. తప్పు తనదేనని తేలినందుకు నా అంతగా సంతోషించిన పెట్టె ఇంకొకటి ఉండదు.

కొట్టతనికి ఫోను చేశారు. అతను లోపలి బుడ్లను ఒక్కొక్కటిగా పెన్సిలుతో తట్టమన్నాడు. రోగి వీపు మీద వేలితో కొట్టి వినే అలవాటున్న సువార్తమ్మకు అది కొత్తేం కాదు. మొదటిది టక్కుమంది. రెండోదీ, మూడోదీ అంతే. నాలుగోది, అన్నిటికంటే చిన్నది, గణ్ణ్ణ్ మంది.

"అదేనండి," అన్నాడు కొట్టతను ఫోనులో. "లోపల ఏదో వదులుగా ఉండిపోయింది. అలాంటి బుడ్డి మైకులా చుట్టుపక్కల శబ్దాలన్నీ వింటుందండి, దానికి సరిపడే ఎత్తులో స్వరం తగిలితే అదిరి మోగుతుంది. మంచి పెట్టె గిటారొక్కటే వినాలి. కొత్త బుడ్డి కొరియరులో పంపుతాను. ఆరోజే పలికించి చూసుకోమన్నాను కదమ్మా."

"అన్నావులే," అంది సువార్తమ్మ.

అప్పుడు తెలిసింది నాకు. ఇన్నాళ్ళూ నేను విన్న పాటలూ, తగువులూ, ఏలియా కబుర్లూ, పెసల పళ్ళెం కథా, అన్నీ ఆ నాలుగో బుడ్డి వల్లే. వినడమే నా జబ్బు.

కొత్త బుడ్డి వచ్చిన రోజున సంఘ పెద్ద మళ్ళీ గొంతు సవరించుకున్నాడు. ప్రతిష్ఠించినదాంట్లోంచి ఒక భాగాన్ని తీసేయవచ్చా అని ఆయన సందేహం. పాస్టరుగారు ఆలోచిస్తున్నాడు. ఏలియా చీపురు ఆపి, "బాప్తిస్మం తీసుకున్న నోట్లోంచి పన్ను పీకించుకోవట్లేదాండి?" అన్నాడు. అందరికంటే ముందు పాస్టరుగారే నవ్వాడు. పాత బుడ్డిని పారేయవద్దనీ, ప్రభువు బల్ల నాడు ద్రాక్షరసం పోసిచ్చే చిన్న గాజు గ్లాసుల్లో అంచులు విరిగినవి దాచే అలమారులో పెడదామనీ చెప్పాడు. అలా నా చెవి ఆ గాజు ముక్కల మధ్య ఉండబోతోందని, చెవి ఉండగానే విన్నాను.

"నేను తీస్తాను, జరుగు," అంది సువార్తమ్మ.

"నేనే తీస్తాను," అన్నాడు మాస్టారు.

"ఎడమ చేత్తోనా? గాజురా."

"ఎడమ చేత్తోనే."

వేళ్ళు లోపలికి వచ్చాయి. మూడు వేళ్ళు బుడ్డిని పట్టుకున్నాయి. నాలుగోది వెనక నుంచి మెల్లగా వచ్చి గాజుకు ఆనింది. మూడు వారాలు తీగ తగలక వేలి కొస మెత్తబడి ఉంది. ఆయన ఊపిరి ఇంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు. మంగళవారం నాటి ఊపిరి కాదు ఇది.

"తొందరపడకు," అంది అక్క.

నేను విన్న ఆఖరి మనిషి మాట అది. బుడ్డి ఊడి వచ్చింది.

ఆ తర్వాత నాకు లోకం లేదు. ఏలియా ఏం చెబుతూ తుడుస్తున్నాడో తెలియదు. సువార్తమ్మ ఏ బల్ల మీద కూర్చుందో, పాస్టరుగారు ఏం బోధిస్తున్నాడో తెలియదు. మొదట్లో ఇది చీకటిలా అనిపించింది. రోజులు లెక్కపెట్టుకోవడానికి కూడా ఏమీ లేదు. తర్వాత ఒకసారి నేను వెచ్చబడ్డాను, ఒక తీగ కదిలింది. అది ఆదివారమని అనుకున్నాను.

అంతకుముందు గిటారు నాకు చాలా శబ్దాల్లో ఒక శబ్దం. ఇప్పుడు అదొక్కటే. అందుకే అందులో ఇంత ఉందని ఇప్పుడే తెలిసింది. చూపుడు వేలు నమ్మకంగా ఆనడం, చిటికెన వేలు తొందర, తీగ మీద చర్మం జారే సన్నని రాపిడి. మొదటి చరణం అయింది. రెండో చరణం వచ్చింది. ఆ స్వరం వచ్చింది.

మోత లేదు. స్వరం ఒక్కటే వెళ్ళింది.

రెండోసారి ఆ స్వరం దగ్గర ఉంగరం వేలు ఆలస్యమైంది. పూర్తిగా ఆనలేదు. తీగ జరజరమంది. ఇది నాది కాదు. బుడ్లన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆయన పంపిందాన్ని తగ్గించకుండా, ఏమీ కలపకుండా ఆఖరి బల్ల దాకా మోశాను. నాకు భయం వేసింది. చెయ్యి లేచిపోతుందేమోనని ఎదురుచూశాను.

చెయ్యి లేవలేదు. వేలు కాస్త సర్దుకుని అదే స్వరాన్ని మళ్ళీ నొక్కింది, ఈసారి కొంచెం మెరుగ్గా, పాట ముందుకు వెళ్ళిపోయింది.